అందరి దారి, ఇద్దరి పెత్తనం: యూపీఐ చెల్లింపుల్లో కంపెనీల బలం

తెలుగు ఊళ్లలో ఏ కిరాణా కొట్టు దగ్గర నిలబడినా వినిపించే మాట: "ఫోన్‌పే చెయ్యనా?" అడిగిన మనిషి చేతిలో ఉన్నది గూగుల్ పే కావచ్చు, పేటీఎం కావచ్చు. నోట వచ్చేది మాత్రం అదే పేరు. కౌంటరు మీది చిన్న స్పీకరు డబ్బు అందిందని చెప్పగానే కొట్టాయన తలెత్తకుండానే పొట్లం చేతికిస్తాడు. నిజానికి డబ్బు ఉన్నది బ్యాంకులో. అది నడిచింది ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) వేసిన యూపీఐ దారిలో. పేరు, పట్టు మూడోవారికి దక్కాయి. ఎలా?

యూపీఐని 2016 ఏప్రిల్‌లో ఆవిష్కరించారు. ఆగస్టులో బ్యాంకుల యాప్‌లు వచ్చాయి, యెస్ బ్యాంకు అండతో ఫోన్‌పే కూడా వచ్చింది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో 'తేజ్' పేరుతో గూగుల్ దిగింది. చాలా బ్యాంకులకు యూపీఐ యాప్ తమ ఖాతాదారులకు ఇచ్చే అదనపు సౌకర్యం మాత్రమే. ఫోన్‌పేకు అదే అసలు వ్యాపారం. ఈ కంపెనీలు స్క్రాచ్ కార్డులు, క్యాష్‌బ్యాక్‌లతో జనానికి యూపీఐని అలవాటు చేశాయి. కొట్టుకొట్టుకూ మనుషులను పంపి క్యూఆర్ స్టిక్కర్లు అంటించాయి.

2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదని కేంద్రం నిర్ణయించింది. చిన్న వ్యాపారికి ఇది ఎంతో మేలు చేసింది, సందేహం లేదు. అయితే లావాదేవీ మీద పైసా రాని చోట ఏళ్ల తరబడి ఖర్చు భరించగలవారే నిలుస్తారు. ఫోన్‌పే వెనక వాల్‌మార్ట్ ఉంది. గూగుల్ సంగతి చెప్పనక్కర్లేదు. రాబడి కోసం స్పీకరు అద్దె, వ్యాపారులకు అప్పులు ఇప్పించడం వంటి పక్కదారులు తెరుచుకున్నాయి.

ఈ బలం ఎంత త్వరగా పెరిగిందో ఒక్క బ్యాంకు కథే చెబుతుంది. 2017 జనవరిలో ఐసీఐసీఐ బ్యాంకు ఫోన్‌పే ద్వారా జరిగే చెల్లింపులను అడ్డుకుంది. అప్పటికి ఫోన్‌పే బ్యాంకుల దయ మీద బతికే కొత్త కంపెనీ. 2020 మార్చిలో రిజర్వు బ్యాంకు యెస్ బ్యాంకు మీద మారటోరియం విధించగానే ఫోన్‌పే సేవలు ఆగిపోయాయి. ఒకే బ్యాంకును నమ్ముకున్న ఫలితం అది. అప్పుడు ఒకటి రెండు రోజుల్లోనే సేవలు మళ్లీ మొదలైంది ఐసీఐసీఐ అండతోనే. మూడేళ్ల కిందట తలుపు మూసిన బ్యాంకే తలుపు తీసింది. అన్ని లావాదేవీలు తెచ్చే కంపెనీని ఏ బ్యాంకు కాదంటుంది?

యూపీఐ లావాదేవీల సంఖ్యలో ఏ యాప్ వాటా అయినా 30 శాతం మించకూడదని ఎన్‌పీసీఐ 2020 నవంబరులో నిబంధన తెచ్చింది. పాత కంపెనీలకు ఇచ్చిన గడువు 2022 చివరి నుంచి 2024 చివరికి జరిగింది, అక్కడి నుంచి 2026 డిసెంబరు 31కి జరిగింది. ఈలోగా, 2024లో, లావాదేవీల సంఖ్యలో ఫోన్‌పే వాటా దాదాపు 48 శాతం, గూగుల్ పే వాటా దాదాపు 37 శాతం. కోట్లమందికి అలవాటైన యాప్‌ను తగ్గించుకోమంటే ఇబ్బంది పడేది జనమే కాబట్టి ఎన్‌పీసీఐకి చెయ్యి ఆడలేదు. హద్దు గీయాల్సింది మొక్కగా ఉన్నప్పుడే, 2017-18లోనే. ఆ పని ఆలస్యమైంది. కనీసం ఈ గడువునైనా ఎన్‌పీసీఐ మళ్లీ జరపకూడదు.