పది లక్షల మైళ్ల లెక్సస్: మీటర్ కాదు, ఫైల్ చూడండి

పోయిన వారం మా బాబాయ్ కొడుకు వాట్సాప్‌లో ఒక కారు ఫోటో పంపాడు. "అన్నా, ఢిల్లీ బండి. తొమ్మిదేళ్లు. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. కొత్తప్పుడు 60 లక్షలట, ఇప్పుడు 12కే ఇస్తున్నారు. లోన్ కూడా వస్తుంది. తీసుకోనా?" అని అడిగాడు. వాడికి జవాబు చెప్పేముందు మీకు ఒక పాత కారు కథ చెప్తా.

1983లో టయోటా ఛైర్మన్ ఎయిజి టొయోడా తన వాళ్లని ఒక ప్రశ్న అడిగారు. ప్రపంచంలోని బెస్ట్ లగ్జరీ కార్లకి పోటీ ఇచ్చే కారు మనం చేయగలమా? అప్పటికి టయోటా అంటే చవకైన, నమ్మకమైన ఫ్యామిలీ కారు, అంతే. లగ్జరీ అంటే జర్మన్లదే రాజ్యం. ఈ రహస్య ప్రాజెక్ట్‌కి ఎఫ్1 అని పేరు పెట్టారు, అంటే ఫ్లాగ్‌షిప్ వన్. కారు చీఫ్ ఇంజనీర్ ఇచిరో సుజుకి.

సుజుకి పెట్టిన టార్గెట్లు ఒకదానికొకటి పడనివి. గంటకి 250 కిలోమీటర్ల వేగం కావాలి, కానీ పెట్రోల్ ఎక్కువ తాగకూడదు. పెద్ద వీ8 ఇంజన్ ఉండాలి, కానీ లోపల చప్పుడు వినపడకూడదు. చప్పుడుని ఏదో మెటీరియల్ అడ్డం పెట్టి కప్పేయడం ఆయనకి నచ్చలేదు. అది పుట్టే చోటే ఆపాలన్నారు. కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది: ఎర్రర్ మెసేజ్ దాచేస్తే బగ్ పోదు కదా! దాదాపు 450 ప్రోటోటైపులు చేశాక, 1989 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో లెక్సస్ ఎల్‌ఎస్ 400 బయటికొచ్చింది. మొదటి ధర 35,000 డాలర్లు. అదే క్లాస్ జర్మన్ కార్లు దీనికన్నా చాలా ఖరీదు.

అదే ఏడాది డిసెంబర్‌లో పరీక్ష ఎదురైంది. వైరింగ్ గురించి, బ్రేక్ లైట్ వేడెక్కడం గురించి ఒకటి రెండు కంప్లైంట్లు వచ్చాయి. వాటికే అప్పటిదాకా అమ్మిన సుమారు 8,000 కార్లనీ రీకాల్ చేశారు. డీలర్‌కి దూరంగా ఉన్న కస్టమర్ల దగ్గరికి టెక్నీషియన్లనే పంపారు. బాగుచేసి, కడిగి, ట్యాంక్ నింపి ఇచ్చారు. ఇరవై రోజుల్లో పని అయిపోయింది. పరువు పోవాల్సిన చోట పేరొచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. 2014లో మాట్ ఫరా అనే అమెరికన్ ఆటో జర్నలిస్ట్ ఒక 1996 మోడల్ ఎల్‌ఎస్ 400 కొన్నాడు. మీటర్ మీద దాదాపు 9 లక్షల మైళ్లు! అంటే మన లెక్కలో 14 లక్షల కిలోమీటర్ల పైమాటే. తను నడిపాడు, ఫ్రెండ్స్‌కీ తోటి జర్నలిస్టులకీ ఇచ్చి నడిపించాడు. 2019లో అది పది లక్షల మైళ్లు దాటింది. ఇంజన్, గేర్‌బాక్స్ కంపెనీ నుంచి వచ్చినవే.

మరి ఆ కారుకి రోగాలే రావా? వస్తాయి. లక్ష, లక్షన్నర కిలోమీటర్లకోసారి టైమింగ్ బెల్ట్ మార్చాలి. పవర్ స్టీరింగ్ ఆయిల్ కారితే కింద ఉన్న ఆల్టర్నేటర్ మీద పడి దాన్నీ పాడుచేస్తుంది. స్టార్టర్ మోటర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది, అంటే చిన్న పార్ట్‌కి పెద్ద కూలి. ఇవన్నీ టైమ్‌కి చేయించినవాళ్ల కార్లే అంత దూరం వెళ్లాయి. వాయిదా వేసినవాళ్లవి స్క్రాప్‌కి పోయాయి.

మన దగ్గరికి వద్దాం. 2015లో ఎన్‌జీటీ ఆదేశం, 2018లో సుప్రీంకోర్టు సమర్థన. దాంతో ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద వేటు పడింది. అందుకే గడువు దగ్గరపడిన కార్లు తక్కువ ధరకి హైదరాబాద్, విజయవాడ దారి పట్టాయి. ఎన్‌ఓసీ, రీ-రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ ఖర్చు మాత్రం కొన్నవాడిదే. పైగా ఒక మాట గుర్తుపెట్టుకోండి: కారు రేటు 60 నుంచి 12కి పడింది కానీ, దాని పార్టుల రేటు పడలేదు. అవి ఇంకా 60 లక్షల కారు పార్టులే.

నాకిది అనుభవమే. నేనూ అలాంటి సెడాన్ ఒకటి కొన్నా. రెండో వర్షాకాలంలో ఒకరోజు పొద్దున కిందికి దిగి చూస్తే కారు ఒక పక్కకి కూలబడి ఉంది. ఎయిర్ సస్పెన్షన్ పోయింది. ఎస్టిమేట్ నా రెండు నెలల జీతం. ముందు ఎప్పుడైనా మార్చారేమో చూద్దామంటే అసలు సర్వీస్ ఫైలే లేదు. కొనేటప్పుడు నేను అడగలేదు మరి! మీటర్ మీద తక్కువ నంబర్ చూసి మురిసిపోయా.

అందుకే తమ్ముడికి మూడే చెప్పా. ఒకటి, ఛాసిస్ నంబర్‌తో సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డ్ అడుగు. రెండు, రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున నీ ముందు స్టార్ట్ చేయించు, తర్వాత స్కానర్ పెట్టించు. మూడు, కారు ధరలో కనీసం ఐదో వంతు రిపేర్లకి విడిగా ఉంచు. అది కూడా లోన్ మీదే తేవాలంటే ఆ కారు నీది కాదు.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. రికార్డ్‌లో చివరి సర్వీస్ 62,000 దగ్గర ఉందట. ఆ తర్వాత 48,000 కిలోమీటర్లు ఏమైందో అమ్మేవాడు చెప్పట్లేదట. "అన్నా, కారు మాత్రం భలే మెరుస్తోందిరా" అన్నాడు. పాలిష్ ఖర్చు తక్కువేరా అన్నా. వాడింకా ఆలోచిస్తున్నాడు. మీరైతే ఏం చేస్తారో కింద రాయండి. మళ్లీ కలుద్దాం.