చలికాలంలో కరివేపాకు సంరక్షణ

కరివేపాకు రూటేసీ కుటుంబానికి చెందిన సతతహరిత పొద లేక చిన్న చెట్టు. తెలంగాణలో దీనిని కల్యామాకు అని కూడా అంటారు. నిమ్మ, నారింజ, బత్తాయి, వెలగ, మారేడు ఇదే కుటుంబానికి చెందినవి. ఉష్ణమండలపు మొక్క కావడం వలన ఇది తీవ్రమైన చలిని తట్టుకోలేదు. మహబూబాబాదు జిల్లాలోని గూడూరు వంటి చోట్ల పెరటి మొక్కకు చలికాలంలో ప్రత్యేక రక్షణ అవసరం ఉండదు. శీతల దేశాలలో స్థిరపడిన తెలుగువారు మాత్రం దీనిని కుండీలో పెంచి, చలికాలమంతా ఇంటిలో ఉంచి కాపాడుకోవలసి ఉంటుంది. అట్లా పెంచే మొక్కలలో చలి వలన చనిపోయేవి కొన్ని, అధికంగా నీరు పోయడం వలన చనిపోయేవి కొన్ని.

పేరు

ఈ మొక్క శాస్త్రీయ నామం ముర్రయా కోనిగీ. దీనిని ప్రస్తుతం బెర్గెరా కోనిగీ అని కూడా వ్యవహరిస్తున్నారు. రెండు పేర్లలోని కోనిగీ అనే పదం దక్షిణ భారతదేశంలో మొక్కలను సేకరించిన వృక్షశాస్త్రజ్ఞుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్ పేరు మీదుగా వచ్చింది. ఆయన 1785లో కాకినాడలో మరణించాడు.

చలి వలన కలిగే నష్టం

రాత్రి ఉష్ణోగ్రత సుమారు 16 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినపుడు కరివేపాకు మొగ్గలు నిద్రావస్థకు చేరుకుంటాయి. కొత్త చిగురు రాదు, ముదురు ఆకులు పసుపుబారి రాలుతాయి. ఇది నష్టం కాదు, మొక్క విశ్రాంతి తీసుకునే పద్ధతి.

అసలు నష్టం రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, ఉష్ణోగ్రత సున్నా కంటే తగ్గినపుడు కణజాలంలోని నీరు గడ్డకట్టి కణాలు దెబ్బతింటాయి. లేత కొమ్మలు ముందుగా నల్లబడతాయి. రెండవది, మట్టి చల్లబడినపుడు వేర్లు నీటిని సరిగా పీల్చుకోలేవు. సతతహరిత మొక్కలకు చలికాలంలో కూడా ఆకులుంటాయి కనుక, గాలికి, ఎండకు ఆ ఆకుల నుండి నీరు ఆవిరి అవుతూనే ఉంటుంది. మట్టిలో తడి ఉన్నప్పటికీ మొక్క ఎండిపోతుంది. రోడోడెండ్రాన్ వంటి శీతల దేశపు పొదలకు గోనెపట్ట కట్టడం ప్రధానంగా ఈ రెండవ నష్టాన్ని నివారించడానికే. గోనెపట్ట గాలిని ఆపుతుంది గాని వేడిని పుట్టించదు. కనుక నేల గడ్డకట్టే ప్రాంతాలలో కరివేపాకుకు అది చాలదు.

తెలుగు రాష్ట్రాలలో

గూడూరు 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. ఇక్కడ డిసెంబరు, జనవరి నెలలలో చిగురు మందగిస్తుంది గాని, నీరు గడ్డకట్టేంత చలి ఉండదు. ఎండలు ముదరగానే మొక్క తిరిగి చిగురిస్తుంది. ఈ రెండు నెలలు నీరు తగ్గించి, కొమ్మలు నరకకుండా ఉంటే సరిపోతుంది. పుల్లమజ్జిగ పోసే అలవాటు ఉన్నవారు కూడా చిగురు వచ్చే వరకు ఆపడం మంచిది.

ఆదిలాబాదు ప్రాంతంలోను, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి వంటి మన్యపు గ్రామాలలోను చలి ఇంతకంటే ఎక్కువ. అక్కడ ఒకటి రెండేళ్ళ లేత మొక్కలపై రాత్రి గోనెసంచి లేదా తాటాకు కప్పి ఉదయం తీసివేయాలి. మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచాలి.

కర్ణాటకలోని ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన రెండు రకాలలో ధార్వాడ్-1 మొగ్గలు చలికి లోబడతాయి, ధార్వాడ్-2 మొగ్గలు అంతగా లోబడవు. చలి ప్రాంతాలలో నాటేవారు ఈ తేడాను గమనించాలి.

విదేశాలలో

అమెరికాలో చనిపోయిన మొక్క స్థానంలో మరొకటి తెచ్చుకోవడం అన్ని చోట్లా సులభం కాదు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేసే ఆసియా సైలిడ్ పురుగు కరివేపాకు మీద కూడా నివసిస్తుంది. ఈ పురుగు 1998లో ఫ్లోరిడాలోను, 2008లో కాలిఫోర్నియాలోను కనబడింది. అందువలన ఆంక్షలున్న ప్రాంతాల నుండి మొక్కను గాని, కొమ్మను గాని ఇతర ప్రాంతాలకు తరలించడంపై నిబంధనలు ఉన్నాయి. భారతదేశం నుండి సామానులో మొక్కలు తీసుకువెళ్ళడం కూడా అనుమతి లేనిదే తగదు. కనుక ఉన్న మొక్కను నిలుపుకోవడమే ఉత్తమం.

కుండీ మొక్క విషయంలో పాటించవలసినవి:

* రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు చేరక ముందే కుండీని లోపలికి తేవాలి. తెచ్చే ముందు ఆకుల అడుగున పిండినల్లి, పొలుసు పురుగు ఉన్నవేమో చూసి, నీటితో కడగాలి.
* ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు కిటికీ వద్ద, ఆస్ట్రేలియా వంటి దక్షిణార్ధగోళపు దేశాలలో ఉత్తరం వైపు కిటికీ వద్ద ఉంచాలి. వెలుతురు చాలకపోతే మొక్కల కోసం తయారైన విద్యుద్దీపం అమర్చాలి.
* హీటరు గాలి నేరుగా తగలకూడదు. పొడిగాలికి ఆకులు రాలడమే కాక ఎర్రనల్లి చేరుతుంది.
* పైమట్టిలోకి వేలు గుచ్చి, రెండు అంగుళాల లోతు వరకు పొడిగా ఉంటేనే నీరు పోయాలి. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలువ ఉంచకూడదు.
* ఎరువు వేయకూడదు. పెద్ద కుండీలోకి మార్చడం వసంతకాలానికి వాయిదా వేయాలి.

ఆకులన్నీ రాలిన మొక్క

ఆకులు రాలిన మొక్కను చూసి దాహం వేసిందని భావించి, ఎక్కువ నీరు, ఎరువు ఇవ్వడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆకులు లేని మొక్క చాలా తక్కువ నీటిని వాడుకుంటుంది. మిగిలిన నీరు మట్టిలో నిలిచి వేర్లు కుళ్ళుతాయి.

మొక్క బ్రతికి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి కాండాన్ని గోటితో కొద్దిగా గీరి చూడాలి. బెరడు కింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. కొన గోధుమ రంగులో ఎండి ఉంటే, కిందికి వస్తూ మరికొన్ని చోట్ల గీరి చూడాలి. ఎండిన భాగాన్ని వసంతకాలంలో పచ్చదనం కనబడిన చోటి వరకు కత్తిరించాలి. కాండమంతా ఎండినప్పటికీ వెంటనే పారవేయకూడదు. కరివేపాకుకు వేర్ల నుండి పిలకలు వచ్చే గుణం ఉన్నది. వేర్లు కుళ్ళకుండా ఉంటే వాతావరణం వేడెక్కిన తరువాత పిలక రావచ్చు.

తిరిగి బయట ఉంచడం

మంచు కురిసే ప్రమాదం తొలగి, రాత్రులు వెచ్చబడిన తరువాత కుండీని బయట ఉంచాలి. మొదట నీడలో గంటసేపు ఉంచి, వారం పది రోజులలో క్రమంగా పూర్తి ఎండకు అలవాటు చేయాలి. ఒక్కసారిగా ఎండలో పెడితే ఇంటిలో పెరిగిన లేత ఆకులు మాడిపోతాయి. కొత్త చిగురు కనబడిన తరువాతనే ఎరువు వేయడం, కొనలు తుంచడం ప్రారంభించాలి. కొన తుంచిన చోట పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురుగా పెరుగుతుంది.