మాచనూర్ రేడియో ఏ ఏట పుట్టింది?

సంఘం రేడియో మీద రాసేవాళ్లు స్టేషన్ పస్తాపూర్‌లో ఉందంటారు, 2008లో పుట్టిందంటారు. రెండూ సరికావు. పస్తాపూర్‌లో ఉన్నది రేడియో పెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) ఆఫీసు. రేడియో మన మాచనూర్‌ది, డీడీఎస్ బడి పచ్చసాలె ఉన్న ఊరిది. జహీరాబాద్ దిక్కు ఎవరినడిగినా చెప్తారు.

ఊరి పేరు ఒక్క మాటతో దిద్దుకోవచ్చు. ఏడు సంగతి అలా కాదు. యునెస్కో సాయంతో 1998 నాటికే ఇక్కడ స్టేషన్ తయారైంది. టవర్ లేచింది, లైసెన్సు మాత్రం రాలేదు. అట్లని రేడియో నడిపే నరసమ్మలిద్దరూ ఊరుకున్నారా? జనరల్ నరసమ్మ, ఆల్గోల్ నరసమ్మ టేపుల మీద ప్రోగ్రాములు రికార్డు చేస్తూనే పోయారు. విత్తనం దాచుడు, సజ్జ, కొర్ర, పసరు మందులు, పాటలు, అన్నీ మన మాటలోనే. గాలిలోకి పంపే వీల్లేదు కాబట్టి ఆ క్యాసెట్లు డీడీఎస్ ఆడవాళ్ల సంఘాల మీటింగుల్లో పెట్టి వినిపించారు. చేసేవాళ్లు, వినేవాళ్లు ఉన్నాక రేడియో పుట్టనట్టెట్లా?

ఇక లైసెన్సు సంగతి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ సావంత్‌తో పాటు మన జస్టిస్ జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. తీరా 2002 డిసెంబరులో కేంద్రం తలుపు తీస్తే, అది కాలేజీలకు, యూనివర్సిటీలకే. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా ఎఫ్ఎం మొదలైంది. దేశంలో తొలి క్యాంపస్ రేడియో అన్న పేరు దానిదే, అందులో పేచీ లేదు. చదువుకునే పిల్లల చేతికి మైకు దొరకడం చిన్న సంగతేం కాదు. కానీ కొందరు దాన్నే దేశంలో తొలి కమ్యూనిటీ రేడియో అని రాస్తున్నారు. అది నేనొప్పుకోను. ఆ లైసెన్సు యూనివర్సిటీకిచ్చింది. అదే విధానం మన సంఘాల ఆడవాళ్లకు కాలేజీ లేదని అర్జీ పెట్టుకునే హక్కే ఇవ్వలేదు. టవరూ, మనుషులూ, ప్రోగ్రాములూ సిద్ధంగా ఉన్న మాచనూర్ అప్పటికే ఆరేళ్లుగా ఎదురుచూస్తోంది.

2006 నవంబరులో విధానం మారి స్వచ్ఛంద సంస్థలకూ దారి దొరికింది. 2008 అక్టోబరు 15న జస్టిస్ సావంతే వచ్చి మన స్టేషన్ ప్రారంభించారు. చెన్నైలో అన్నా ఎఫ్ఎం మోగిన 90.4 మెగాహెర్ట్జ్ మీదే మన నరసమ్మల గొంతూ మోగింది. 2008 అనేది లైసెన్సు లెక్క. ఊరి చరిత్రలో మాత్రం ముందు 1998 రాయాలి, ఆ తర్వాతే 2008. పక్కన మాచనూర్ పేరుండాలి.