ఒకే మొక్క, మూడు లఫ్జులు, పదేళ్ల ఫరఖ్

ముద్దాయి అనే మాట తీసుకోండి. ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ నేర్పిన ప్రకారం ముద్దయీ అంటే దావా వేసినవాడు. దావా ఎవరి మీద పడిందో వాడు ముద్దాఅలైహ్. డిగ్రీలో తెలుగు చదివి, పేపర్లో క్రైమ్ వార్తలు రాయడానికి కూర్చున్నాక చూస్తే, తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు! రాజీనామా సంగతీ అంతే. ఉర్దూలో అది ఇద్దరి మధ్య కుదిరిన సులహ్ కాగితం, తెలుగులో నౌకరీ వదిలేసే కాగితం. ఒక జుబాన్ నుంచి ఇంకో జుబాన్‌లోకి వచ్చేటప్పుడు లఫ్జు ఒక్కోసారి పూర్తిగా పల్టీ కొడుతుంది.

గంజాయి, చరస్, హషీష్ అనే మూడు మాటల గురించి కూడా ఇలాగే మాట్లాడుకోవాలి దోస్తులూ. ఈ మూడూ ఒకటేనని మన వీధుల్లో చాలామంది అనుకుంటారు. కానూన్ దృష్టిలో ఒకటి కావు, కెమిస్ట్రీ దృష్టిలోనూ కావు. ఆ ఫరఖ్ తెలియక మా పరవాడ, గాజువాక చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిపోయిందో నాకు తెలుసు. నషా చెడ్డదని చెప్పడానికి ఆలిమ్‌లున్నారు, డాక్టర్లున్నారు. నేను ఈ మాటల తారీఖ్ చెప్తాను. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ ఒక్కటే కాదు, చరిత్ర కూడా.

ముందు మొక్క. ఆడ మొక్క పూల గుత్తుల మీద, వాటి పక్కనుండే చిన్న ఆకుల మీద సన్నటి రోమాలుంటాయి. ఒక్కో రోమం కొసన జిగురు బొట్టు. కైపు ఎక్కించే పదార్థమంతా ఆ జిగురులోనే. కాడలో, గింజలో అది దాదాపు ఉండదు. మొక్కలోని ఏ భాగం తీసుకున్నారు, జిగురుని ఎంతవరకు విడదీశారు అన్నదాన్ని బట్టే పేర్లు మారతాయి. ఆకు నూరితే భంగ్. యూనానీ హకీములు దీనికి వర్ఖుల్ ఖయాల్ అని పేరు పెట్టారు, అంటే ఊహల ఆకు. పూల గుత్తిని కోసి ఎండబెడితే గంజాయి. గుత్తిలోంచి జిగురును మాత్రమే వేరు చేస్తే చరస్. అరబ్బులు హషీష్ అన్నారు. ఆ భాషలో దాని అసలు మత్లబ్ ఉత్త గడ్డి! మొక్కకంతటికీ పెట్టిన పేరు పోను పోను ముద్ద చేసిన జిగురుకు అతుక్కుంది.

మన తెలుగు కైపు కూడా అరబ్బీ కైఫ్ నుంచి వచ్చిందే. అమెరికాలో, కెనడాలో లైసెన్సు దుకాణాలలో జల్లెడ పట్టిన జిగురు పొడిని కీఫ్ అని అమ్ముతారు. అదీ ఇదే లఫ్జు. ఒక అరబ్బీ మాట ఫార్సీ, ఉర్దూల మీదుగా మన కల్లు పాకల్లోకి వచ్చింది, ఇంకో దారిలో అట్లాంటిక్ దాటింది.

ముసల్మానుల సమాజంలో దీని మీద బహస్ కొత్తది కాదు. 1328లో మరణించిన ఇబ్నె తైమియా హషీష్‌ను హరామ్ అన్నాడు. ఆ శతాబ్దంలోనే జర్కషీ అనే ఆలిమ్ దీని మీద ప్రత్యేకంగా ఒక రిసాలా రాశాడు. ఇక బాబర్ బాద్షా మాజూన్ తిన్న రోజుల్ని తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. ఒక పక్క ఫత్వా, ఇంకో పక్క దస్తర్ఖాన్. ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి.

ఇంగ్లీషు సర్కార్ ఈ లఫ్జుల్ని దఫ్తర్లోకి తెచ్చింది. హిందుస్తాన్‌లో గంజాయి వల్ల జనం పాడైపోతున్నారని బ్రిటిష్ పార్లమెంటులో సవాల్ లేస్తే, 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. ఏడుగురు మెంబర్లు, వాళ్లలో ముగ్గురు హిందుస్తానీలు. 1,193 మంది గవాహీ తీసుకుని 1894లో ఏడు సంపుటాల రిపోర్టు ఇచ్చారు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ నుక్సాన్ లేదు, మితిమీరితే ఉంది, పూర్తిగా నిషేధించే బదులు పన్ను వేసి అదుపులో పెట్టడం మేలు అని దాని సారాంశం. ఆ కమిషన్ భంగ్, గంజాయి, చరస్‌లను మూడు వేరు వేరు సరుకులుగా లెక్కగట్టింది. బెంగాల్ గంజాయి రాజ్‌షాహీ జిల్లా నౌగావ్ వైపు పండేది. చరస్ యార్కండ్ నుంచి లేహ్ మీదుగా పంజాబ్‌కు దిగేది. మన తెలుగు గడ్డ మీద లైసెన్సు సాగు అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా దగ్గుపాడు దగ్గర ఉండేది. పండింది గంజాయే. జిగురు తీసి ముద్ద చేసే చరస్ రివాజు మనది కాదు, అది హిమాలయాల వైపుది. కుల్లూలోని మలానా ఊరికి ఈనాటికీ ఆ పేరుంది.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ మన మన్యం దారుల్లో దొరుకుతున్న నూనెకి ఆ పాత రివాజుతో ఏ రిష్తా లేదు.

కాన్సంట్రేట్లు అన్న మాటకి తెలుగులో చిక్కబరిచిన సరుకు అనుకోండి. వాటిలో మోటుగా మూడు ఖాన్‌దాన్‌లు ఉన్నాయి. మొదటిది చేతి పని: అరచేతుల మధ్య నలిపి తీసే చరస్, జల్లెడ పట్టిన పొడి, మంచునీళ్లలో విడదీసే జిగురు. రెండోది వేడి, ఒత్తిడి పెట్టి పిండే రోజిన్. ఈ రెండింటిలోనూ బయటి రసాయనం ఉండదు. మూడోది సాల్వెంట్ ఖాన్‌దాన్. రసాయనంలో జిగురు కరిగి, ఆ రసాయనం ఆవిరైపోయాక మిగిలేది హాష్ ఆయిల్. మన పోలీసు ప్రెస్ నోట్లలో దాన్నే లిక్విడ్ గంజాయి అంటారు. పాశ్చాత్య బజార్లలో వ్యాక్స్, షాటర్ అనే పేర్లతో అమ్మేవి కూడా ఎక్కువగా ఈ జాతివే. అక్కడి ల్యాబుల కొలతల్లో ఎండు పువ్వులో టీహెచ్‌సీ నూటికి పది, ఇరవై చుట్టూ ఉంటే, సాల్వెంట్ సరుకులో అరవై నుంచి తొంభై దాకా పోతుంది. ఈ టీహెచ్‌సీని 1964లో మొదటిసారి శుద్ధంగా విడదీసింది ఇజ్రాయెల్‌లో మెషూలామ్, గవోని. అందుకు కావలసిన హషీష్‌ను మెషూలామ్ పోలీసుల నుంచే తెచ్చుకున్నాడు. ఐదు కిలోలు, సంచిలో పెట్టుకుని బస్సులో!

సాల్వెంట్ అనగానే మా పరవాడ వాళ్లకి డిక్షనరీ అక్కర్లేదు. ఇక్కడి ఫార్మా సిటీలో సాల్వెంట్, రియాక్టర్, డిస్టిలేషన్ అన్నవి రోజూ క్యాంటీన్లో దొర్లే మాటలు. క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసే ఏ కుర్రాడినైనా అడగండి. మందు బిళ్లలో ఏ సాల్వెంట్ ఎంత మిగలొచ్చో అంతర్జాతీయ హద్దులున్నాయి, గ్యాస్ క్రోమటోగ్రఫీ మిషన్ మీద ఆ లెక్క తేలకుండా ఒక్క బ్యాచ్ గేటు దాటదు. చింతపల్లి వైపు కొండ వాగు పక్కన టార్పాలిన్ కింద తయారైన నూనెకి ఈ తనిఖీ ఎవరు చేశారు? అందులో ఏ రసాయనం ఎంత మిగిలిందో అమ్మేవాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు. 2019లో అమెరికాలో ఏం జరిగిందో గుర్తుంచుకోండి. వేపింగ్ గొట్టాల్లోని టీహెచ్‌సీ నూనెలో విటమిన్ ఈ అసిటేట్ కల్తీ చేశారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాళ్ల ఊపిరితిత్తుల్ని గంజాయి కన్నా ఆ కల్తీయే ఎక్కువగా కాల్చింది.

ఇప్పుడు కానూన్ దగ్గరికి వద్దాం. 1961 అంతర్జాతీయ ఒప్పందం గంజాయి అంటే పూల, కాయల గుత్తులని నిర్వచించి, విడి ఆకునీ గింజనీ బయట పెట్టింది. మన ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. అందులో గంజాయి నిర్వచనం కూడా ఆ దారిలోదే. అందుకే భంగ్ ఆ చట్టం చేతిలోంచి జారి రాష్ట్రాల ఎక్సైజ్ చేతికి వెళ్లింది. చరస్ నిర్వచనంలో మాత్రం ఒక వాక్యం ఉంది: విడదీసిన జిగురు ఏ రూపంలో ఉన్నా చరస్సే, హషీష్ ఆయిల్, లిక్విడ్ హషీష్ కూడా అందులోకే వస్తాయి. అంటే ప్రెస్ నోట్‌లో లిక్విడ్ గంజాయి అని రాసినా, అదాలత్‌లో అది గంజాయి కాదు. చరస్.

తేడా ఎంత? 1985 అసలు చట్టంలో గంజాయికి ఐదేళ్ల లోపు సజా. చరస్‌కి కనీసం పదేళ్లు. 2001 సవరణ తర్వాత తూకం ముఖ్యమైంది. గంజాయిలో కిలో దాకా చిన్న పరిమాణం, ఇరవై కిలోలు దాటితే కమర్షియల్. చరస్‌లో వంద గ్రాముల దాకా చిన్నది, ఒక్క కిలో దాటితే చాలు, కమర్షియల్. చిన్న పరిమాణానికి ఏడాది లోపు, మధ్యలో ఉంటే పదేళ్ల లోపు, కమర్షియల్ అయితే పది నుంచి ఇరవై ఏళ్లు, లక్షకు తగ్గని జుర్మానా. కమర్షియల్ కేసులో సెక్షన్ 37 అడ్డం పడుతుంది. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి ఆధారం కనిపిస్తే తప్ప జడ్జి జమానత్ ఇవ్వలేడు. చార్జిషీటుకే 180 రోజుల గడువు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హీరా సింగ్ కేసులో, మిశ్రమంలో అసలు మత్తు ఎంతుందన్నది కాదు, మొత్తం బరువే లెక్క అని తేల్చింది. పలచటి నూనెకైనా, చిక్కటి నూనెకైనా తక్కెడ ఒక్కటే.

రెండేళ్ల కిందట ఒక ఖాలా ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కొడుకు ఆటో తోలేవాడు. నర్సీపట్నం నుంచి ఒక సంచి తెచ్చి ఇస్తే ఐదు వేలు అన్నారట. ఆమె ముఖంలో దిగులుతో పాటు కొంచెం ధైర్యం కూడా ఉంది.

"బేటా, గంజాయి కాదంట, నూనె అంట. అదీ కేజీ రెండొందల గ్రాములే. పక్క వీధి కుర్రాడి దగ్గర తొమ్మిది కేజీల గంజాయి దొరికింది, వాడికి బెయిల్ వచ్చేసింది. మావాడిది చిన్న కేసే కదా?"

"ఖాలా, మీరు ముందు కూర్చోండి" అన్నాను. తొమ్మిది కిలోలు ఇరవైకి లోపల అని, కిలో రెండొందలు ఒకటికి పైన అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె వేలు ఆ కాగితం మీద అంకె దగ్గరే ఉండిపోయింది. ఆ అబ్బాయి ఇంకా లోపలే ఉన్నాడు. సంచి ఎక్కించినవాడి పేరు ఆ ఎఫ్ఐఆర్లో లేదు.

స్మగ్లర్లు నూనె వైపు ఎందుకు మళ్లారంటే జవాబు సులువే. పదుల కిలోల ఎండు సరుకు దాచాలంటే లారీ కావాలి, వాసన ఆగదు. అదే సరుకు నూనెగా మారితే ఒక బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది. మన్యంలో చెక్‌పోస్టులు బిగిసే కొద్దీ సరుకు చిక్కబడింది. 2021 అక్టోబర్ ఆఖరున మొదలైన ఆపరేషన్ పరివర్తనలో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. 2024 ఆఖరులో రాష్ట్ర సర్కార్ ఈగల్ అనే ప్రత్యేక దళం పెట్టింది, 1972 నంబర్ ఇచ్చింది. పట్టుబడ్డ సరుకు జాబితా, ఫొటో, నమూనా మేజిస్ట్రేట్ ముందు నమోదయ్యాక సెక్షన్ 52ఏ కింద నాశనం చేస్తారు. మా పరవాడ ఫార్మా సిటీలో ప్రమాదకర వ్యర్థాల్ని కాల్చే భట్టీ ఉంది. గంజాయిని అక్కడికి తెచ్చి కాల్చిన సందర్భాలూ ఉన్నాయి. తోట నరుకుతారు, సరుకు కాలుస్తారు, సంచి మోసినవాణ్ని జైల్లో వేస్తారు. డబ్బు పెట్టినవాడి దాకా తహకీకాత్ పోవడమే అరుదు.

కానూన్ గట్టిగా ఉండటం గలత్ అని నేను అనడం లేదు. నూనె గంజాయి కన్నా చాలా రెట్లు తీవ్రమైనది, దానికి వేరే తక్కెడ పెట్టడంలో అక్ల్ ఉంది. నా షికాయత్ ఇదొక్కటే: పదేళ్లు మింగే ఆ ఫరఖ్ మోసేవాడి జుబాన్‌లో ఎవరూ చెప్పలేదు. కాలేజీ గోడ మీద 'మత్తు వద్దు' అని రాస్తారు. 'కిలో నూనె ఇరవై కిలోల గంజాయితో సమానం' అని ఎక్కడా రాయరు. మసీదులో జుమ్మా ఖుత్బా తర్వాత, ఆటో స్టాండు దగ్గర, ఏజెన్సీ సంతలో కువి, కొండ భాషల్లో ఈ ఒక్క వాక్యం చెప్పగలిగితే కొన్ని సంచులు ఎత్తకుండానే ఉండిపోతాయి.

ఇక ఇప్పటికే కాగితం ఇంటికి వచ్చినవాళ్లకి. వకీలు దగ్గరికి వెళ్లేలోపు మూడు విషయాలు చూడండి. పంచనామాలో సరుకు పేరు ఏమని రాశారు: గంజాయా, హషీష్ ఆయిలా? తూకం సీసాతోనా, సీసా లేకుండానా? గంజాయి అయితే పూల గుత్తులు వేరు చేసి తూచారా, కాడలూ ఆకులూ గింజలూ కలిపి తూచారా? ఒంటి మీద సోదా జరిగి ఉంటే, గెజిటెడ్ అధికారి ముందుగానీ మేజిస్ట్రేట్ ముందుగానీ సోదా కోరే హక్కు ఉందని సెక్షన్ 50 కింద చెప్పారో లేదో కూడా అడగండి. వకీలుకు ఫీజు కట్టే తాకత్ లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ముఫ్త్‌గా వకీలును ఇస్తుంది. కస్టడీలో ఉన్నవాడికి అది హక్కు, ఖైరాత్ కాదు.