ప్రవేశపు పట్టికలో తిరుపతి

ఊరి చరిత్ర వ్రాయబూనినవారు మొదట గుడిగోడలను వెదకుట మనలో పరిపాటి. తిరుపతి విషయమున ఆ పరిపాటికి తగిన ఆధారమును గలదు. దేవస్థానమువారు ఇచ్చటి శాసనములను సంపుటములుగా అచ్చొత్తించియుండుటచే, ఏ రాజు ఏ పల్లెను నైవేద్యమునకై సమర్పించెనో ఇంట కూర్చుండియే తెలిసికొనవచ్చును. అయితే ఆ నైవేద్యమును వండినవారి మనుమలు, పూలదండలు కట్టినవారి బిడ్డలు, యాత్రికుల మూటలు మోసినవారి కొడుకులు ఏమి చదివిరో, ఎంతవఱకు చదివిరో తెలియగోరినచో గుడిగోడ మాటాడదు. అందులకు ఉన్నత పాఠశాలలోని ప్రవేశపు పట్టికను విప్పవలసినదే.

ఈ యూరికి పురపాలక సంఘము 1886లో ఏర్పడినది. 1901 జనగణన నాటికి కొండక్రింది పట్టణమున నివసించువారు 15,000 పైచిలుకు మాత్రమే. ఆ కాలమున ఆంగ్లవిద్య గోరు బాలునకు హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషనువారి పాఠశాల యొక ముఖ్యమైన యాశ్రయము. జర్మనీ దేశపు మతబోధకులు వేంకటేశ్వరుని పాదముల చెంత నడపిన ఆ బడిలోనే, తిరుత్తణి నుండి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1896 మొదలు 1900 వఱకు చదివెను. తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. విద్యార్థి వేతనములే ఆ బాలుని చదువును పై మెట్టునకు నడపినవి. చిత్తూరి ప్రక్కనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డియు ఇంచుమించు ఆ తరమువాడే. వీరిద్దఱి పేర్లను మా వైపువారము సభలలో తఱచుగా స్మరించుచుందుము, స్మరింపదగినదే. కాని ఆనాటి హైస్కూలు గడప త్రొక్కగలిగినవారు అర్చకుల, కరణముల, వకీళ్ళ, గుమాస్తాల, కొలదిమంది మోతుబరి రైతుల కుమారులేయనియు, ఆడుపిల్ల యచ్చట అరుదనియు, మాలమాదిగల బిడ్డ మఱింత అరుదనియు కూడ అదే వాక్యములో చెప్పవలెను. అట్లు ముందే జల్లెడపట్టి తీసినవారిలో ఎక్కువమంది పరీక్ష గెలిచిరనిన, ఆ ఘనతలో బడి పాలెంతో, జల్లెడ పాలెంతో ఎవరు చెప్పగలరు?

1911లో ఉత్తరార్కాడు నుండి కొన్ని తాలూకాలును, కడప నుండి మదనపల్లె, వాయల్పాడులును, కాళహస్తి, కార్వేటినగరము, పుంగనూరు జమీందారీలును కలిసి, తిరుపతియు చేరిన చిత్తూరు జిల్లా ఏర్పడినది. దాదాపు అదే కాలమున మద్రాసు రాజధానిలో పాత మెట్రిక్యులేషను స్థానమున ఎస్సెల్సీ వచ్చి, "ఎస్సెల్సీ ప్యాసు" అను రెండు మాటలు గుమాస్తా పనికిని, పెండ్లి సంబంధమునకును చాలిన యోగ్యతాపత్రమయ్యెను.

తిరుపతి చదువునకు నిజమైన మలుపు దేవస్థానపు పాలన మాఱుటతో వచ్చినది. 1843 నుండి తొంబది యేండ్లు హాథీరాంజీ మఠపు మహంతుల చేతనుండిన పెత్తనము 1933లో దేవస్థానపు కమిటీకి సంక్రమించెను. హుండీలో పడిన కానుక ఎంతో కొంత బడికి ప్రవహించుట మహంతుల నాడును లేకపోలేదు. కాని కమిటీ వచ్చిన పిమ్మట అది ఏఱై పాఱినది. 1945లో శ్రీవేంకటేశ్వర కళాశాల, 1952లో స్త్రీలకు పద్మావతి కళాశాల, 1954లో గోవిందరాజులు నాయుడుగారు ప్రథమోపాధ్యక్షులుగా విశ్వవిద్యాలయము వెలసినవి. గోవిందరాజస్వామి మాడవీధిలో పుట్టిన పిల్లవాడు ఊరు దాటకయే ఓనమాలు మొదలు పట్టము దాక చదువగలిగిన భాగ్యము అట్లు కలిగినది. దేవస్థానపు బడిలోను, పురపాలక సంఘపు బడిలోను ఆఫీసరు కొడుకును, వంటస్వామి కొడుకును ఒకే బల్లపై కూర్చుండిన కాలమది. మా తరము పెద్దలు ఆ రోజులను తలచుకొని నిట్టూర్చుట వినుచునే యున్నాము. ఆ నిట్టూర్పులో న్యాయము కొంత గలదు, మఱపును కొంత గలదు.

ఎనుబదుల తరువాత ఆఫీసరు కొడుకు బల్లమీది నుండి లేచిపోయెను. మొదట కాన్వెంటునకు, పిదప ర్యాంకుల బడికి, ఆ వెనుక గుమాస్తా కొడుకు, తుదకు అప్పో సప్పో చేసియైనను ఆటో నడపువాని పెద్దకొడుకు వెడలిపోయిరి. మా పేటలోని చిన్న పురపాలక ఉన్నత పాఠశాలలో, హెడ్మాస్టరుగారి యనుమతితో, నేనా ప్రవేశపు రిజిస్టరును చూచితిని. అట్ట వీడిపోయిన పాత సంపుటములో తండ్రి వృత్తి యను గడిలో గుమాస్తా, అర్చకత్వము, సేద్యము, హోటలు అని గుండ్రని వ్రాతలో నల్లసిరాతో నున్నది. కొత్త సంపుటములో అదే గడిలో కూలి, లాడ్జిలో పని, పూల అంగడి, ఆటో, ఇండ్లలో పని అని నీలిసిరాతో వరుసగా దిగుచున్నది. కొన్నిచోట్ల తండ్రి గడి ఖాళీగా నుండి తల్లి సంతకము మాత్రమే కలదు. పుటల నడుమ గుచ్చిన టీసీలు పలమనేరు, సత్యవేడు, రాయచోటి బడులవి. కొఱ్లగుంట, జీవకోన వంటి పేటలకు బ్రతుకుతెరువునకై వచ్చిన కుటుంబములవి. ఆ టీసీలు జూన్‌లోనే రావు, సెప్టెంబరులోను వచ్చును, జనవరిలోను వచ్చును.

మాతృభాష గడియు చదువదగినదే. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయి, సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది గాని, ఇండ్లలోని భాషలు ఆ గీతను ఎఱుగవు. ఇంట తమిళము మాటాడు బాలిక తెలుగు అయ్యవారి యెదుట ఆంగ్ల పాఠమును వల్లించు దృశ్యము మా వైపు వింత కాదు. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింట ఆంగ్ల మాధ్యమమునకు ఉత్తర్వు వెలువడినది, 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసినది. పై కోర్టులో వ్యాజ్యము నడచుచుండగనే ఒక పుట ఆంగ్లమున, ఎదుటి పుట తెలుగున అచ్చయిన పుస్తకములు పిల్లల సంచులలోనికి వచ్చినవి. పుస్తకపు బరువు రెట్టింపైనను, ఆ యెదుటి పుట మేలే చేసినదని నా యభిప్రాయము.

ఇక ఫలితముల మాట. మహమ్మారి కారణమున 2020, 2021 సంవత్సరములలో పరీక్షయే లేక అందఱును ఉత్తీర్ణులైరి. ఎనిమిదవ తరగతి చివర బడి మూతపడగా ఇంట నిలిచిపోయిన పిల్లలు 2022లో పదవ తరగతి పరీక్ష వ్రాసిరి. రాష్ట్రమంతటి ఉత్తీర్ణత 67.26 శాతమునకు దిగినది. తరువాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఆ మూడేండ్లును మొదటి స్థానము పార్వతీపురం మన్యం జిల్లాదే. గిరిజన ప్రాంతము తిరుపతి వంటి విద్యాక్షేత్రమును మించుట వింతగా దోచవచ్చును. కాని అచ్చట ఆశ్రమ పాఠశాలలు, వసతిగృహములు పెక్కు కలవు, పిల్లవాడు రాత్రియు అయ్యవార్ల కంటిముందే యుండును. మా బడి పిల్ల సాయంకాలము తల్లితో కలిసి మల్లెలు కట్టును. బ్రహ్మోత్సవములు పెక్కుసార్లు దసరా సెలవులతో కలిసివచ్చుటయు, గంగమ్మ జాతర మే నెలలో పడుటయు మా హెడ్మాస్టర్ల పుణ్యము. లేనిచో హాజరు ఏమయ్యెడిదో!

ఈ శాతములను చిన్న బడికి తగిలించునప్పుడు మఱొక చిక్కు గలదు. పదవ తరగతిలో నలువది మంది యున్నచోట ఒక్క పిల్లవాడు గణితములో తప్పినచో రెండున్నర శాతము పడిపోవును. నలుగురు తప్పినచో తొంబదికి దిగును, వార్తాపత్రికలో బడి పరువును దిగును. ఆ నలుగురిలో ఇద్దఱు జనవరిలో టీసీతో వచ్చినవారు కావచ్చును. ఆ సంగతి పట్టికలో కనబడదు.

2020 జనవరి 9న చిత్తూరులోనే ఆరంభమైన అమ్మఒడి పథకము తల్లి ఖాతాకు ఏటా 15,000 రూపాయలు చేర్చునని ప్రకటితమైనది. ప్రైవేటు బడి తల్లికిని అదే మొత్తము. కనుక ఆ సొమ్ము కొందఱిని బడిలో నిలిపినది, కొందఱికి ప్రైవేటు ఫీజులో కొంత తీర్చినది. ప్రభుత్వ బడులను బాగుచేయు నాడు-నేడు పనులలో గోడలకు రంగులు, మరుగుదొడ్లకు నీరు వచ్చినవి. ఆడుపిల్లల విషయమున ఆ నీటిని నేను తేలికగా చూడజాలను.

నగరపాలక సంఘమువారు ఏటా ఫలితములు ప్రకటించు కాగితము మీదనే, ఆఱవ తరగతిలో చేరిన పిల్లలెందఱు, నడుమ వచ్చి చేరినవారెందఱు, నడుమ మానినవారెందఱు అను మూడంకెలను కూడ ముద్రింపవలెనని నా కోరిక. ఆ యంకెలకు కావలసిన సరకంతయు రిజిస్టరులోనే యున్నది. ఒక గుమాస్తా కూర్చుండి లెక్కింపవలసియున్నది.