తుంగభద్ర యొడ్డున చూడదగినవి

కర్నూలు పేరు చెప్పగానే బయటివారికి ముందు ఎండలు, తరువాత నాపరాళ్లు జ్ఞాపకమునకు వచ్చును. కాని ఆ యూరికి పేరు వచ్చినది ఏటి రేవువలన. ఆలంపురమున దేవాలయము కట్టుటకు రాళ్లు తోలు బండ్లు తుంగభద్రను ఇచ్చట దాటెడివనియు, బండివారు ఇచ్చట ఆగి ఇరుసులకు కందెన వేసికొనెడివారనియు, అందుచే కందెనవోలు అను పేరు కలిగి, అది కందనవోలై, తుదకు కర్నూలైనదనియు చెప్పుదురు. ఇందుకు జనుల నోటిమాటయే ఆధారము. అయినను ఊరి పుట్టుకకు రాజునో ఋషినో చూపక బండి ఇరుసును చూపిన కథ అరుదు. రాళ్లు ఈ యేటి గట్టున ప్రయాణము చేయుట ఆ బండ్లతోనే ముగియలేదు. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఊరికి ఎగువను సుంకేసుల కలదు. 19వ శతాబ్దమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు అచ్చట ఆనకట్ట కట్టి కర్నూలు కడప కాలువను త్రవ్వించిరి. సాగునీటితోపాటు పడవల రాకపోకలకును అది ఉపయోగపడునని వారి తలపు. తలచినంత లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. కాలువలో చూడదగినది ఏమున్నదనువారు నంద్యాల వైపు వరిమళ్లను ఒకసారి చూచి రావలెను.

కర్నూలులో కొండారెడ్డి బురుజు చూడని బాటసారి ఉండడు. విజయనగర ప్రభువుల కాలపు కోటలో నేటికి నిలిచిన భాగములలో అది ముఖ్యము. ఆలంపురపు కొండారెడ్డిని అందు బంధించిరని ఒక కథ. దాని యడుగునుండి ఏటి క్రిందుగా గద్వాల వరకు సొరంగమున్నదని మరియొక కథ. హంద్రి యొడ్డున నున్న అబ్దుల్ వహాబు సమాధిని మాత్రము చాలమంది చూడకయే పోవుదురు. బిజాపురపు సుల్తానుల పక్షమున కర్నూలు నేలిన ఆ యధికారికి 1618లో కట్టిన ఆ కట్టడము తన గుమ్మటములతో బిజాపురమును జ్ఞప్తికి తెచ్చును. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు ఒక్కసారి పొంగి ఊరిలో జొరబడినప్పుడు, నీటికి ఎదుట నిన్నటి మేడయు నాలుగువందల యేండ్ల గోడయు ఒక్కటే యయ్యెను.

ఏరు దాటి ఉత్తరమునకు పోయిన ఆలంపురము. నేడది తెలంగాణమున జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో కట్టించిన నవబ్రహ్మాలయములు ఇచ్చట నున్నవి. పేరు బ్రహ్మదైనను అన్నిటను ఉన్నది శివుడే. దక్షిణదేశపు గుడి అనగా మెట్లుమెట్లుగా లేచు విమానమునే ఎరిగిన కన్నులకు, నున్నగా వంగి పైకి పోవు ఈ శిఖరములు వింతగా తోచును. ఒరిస్సాలోని గుళ్లను చూచినవారికి పాత చుట్టములవలె కనబడును. తొమ్మిదింటిలో స్వర్గబ్రహ్మకే అందము హెచ్చు. దానిపై వినయాదిత్యుని కాలపు శాసనము కలదు. తొందరపడి వచ్చువారు జోగులాంబను దర్శించి మరలిపోవుదురు. స్వర్గబ్రహ్మ గోడలచుట్టు ఒక గంటయైన తిరుగనివారు ఆలంపురము చూచితిమనుట చెల్లదు.

ఇంక రాళ్ల ప్రయాణము. శ్రీశైలము వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుటకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1980 తరువాత జలాశయము నిండసాగగా, నీరు కృష్ణలోను తుంగభద్రలోను వెనుకకు బహుదూరము ఎగదన్నెను. రెండేళ్లు కలియు కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును పురావస్తు శాఖవారు రాయి రాయికి గుర్తు పెట్టి ఊడదీసి, ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. పాపనాశి గుళ్లను ఇరువదింటికి పైగా అట్లే తరలించిరి. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు చెంత జగన్నాథగట్టు ఎక్కెను. ఐగుప్తులో నైలునదిమీద అబూసింబెల్ గుళ్లను 1964 మొదలు 1968 వరకు కోసి పైకెత్తినప్పుడు లోకమంతయు చూచెను. మన శిల్పులు చేసిన పని అంతగా చెప్పుకొనబడలేదు. నేడు కూడవెల్లి గుడిని చూచువాడు అది మొదటినుండి అచ్చటిదేయని నమ్మును. పనివారికి అంతకంటె మెప్పు వేరొకటి లేదు.

అయితే ఆ నీటిలో సుమారు నూరు గ్రామములు మునిగినవి. ఇంచుమించు లక్షమంది ఇల్లును పొలమును విడువవలసివచ్చెను. ఆస్ట్రేలియాలో మర్రే నదిపై హ్యూమ్ జలాశయమును పెంచినప్పుడు, 1950 తరువాతి యేండ్లలో టాలంగట్ట అను ఊరిని కొన్ని మైళ్లు పడమటికి జరిపిరి. చాల యిండ్లను ఇండ్లుగానే బండ్లకెత్తి తీసికొనిపోయిరి. నీరు తగ్గినప్పుడు బయటపడు పాత యూరి జాడలను చూచుటకు యాత్రికులు వత్తురట. మన యేటి గట్టున గుళ్లకు గుర్తులు వేసిరి. ఇండ్లకు వేయలేదు. 1981 వేసవిలో జనులను ఖాళీ చేయించిన తీరు ఆ కాలమున తీవ్రమైన విమర్శకు పాత్రమయ్యెను. కూడవెల్లి గుడిని మెచ్చుకొనునపుడు దీనిని మరచుట న్యాయముగా తోచదు.

తరలింపబడని సంగమేశ్వరుడు ఒకడున్నాడు. నేడు నంద్యాల జిల్లాలో చేరిన సంగమేశ్వరమున తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అను ఏడు నదులు కలియునని ప్రసిద్ధి. గర్భాలయమున నున్నది వేపమ్రాను లింగము. ధర్మరాజు ప్రతిష్ఠయని చెప్పుదురు. సంవత్సరములో హెచ్చుకాలము ఆ గుడి నీటిలోనే యుండును. ఎండలు ముదిరి జలాశయపు మట్టము దిగినకొలది ముందు శిఖరము, పిమ్మట గోడలు, ఆ పిమ్మట లింగము బయటపడును. అప్పుడు పూజారి బురద కడిగి పూజ సాగించును. కృష్ణలో వరద వచ్చిన దినములలో నీరు మోకాలిదాక చేరువరకు అర్చన చేసి, తరువాత పడవమీద నిలిచి శిఖరమునకు హారతి యిచ్చుటయు కలదు.

పోదలచినవారు మార్చి గడచిన తరువాత, వానలకు ముందు పోవలెను. దారిపొడుగున నీరు వెనుదీసిన ఒండ్రునేలలో పైరు కనబడును. ఆ నేలను దున్నువారిలో ముంపునకు పూర్వము అవే తమ పొలములైనవారు కొందరున్నారు.