ఇంటిపేరు మారిన చేపలు

నవలలు రాసేవాళ్ళకి పేర్ల బెడద ఎప్పుడూ ఉండేదే. కథ అంతా సిద్ధంగా ఉంటుంది, కథానాయికకి పేరు మాత్రం కుదరదు. ఈ బెడద నాలాంటి వాళ్ళకే అనుకునేదాన్ని. చేపలకు పేర్లు పెట్టేవాళ్ళ చరిత్ర చదవడం మొదలుపెట్టాక వాళ్ళ పాట్ల ముందు మనవి ఏపాటివి అనిపించింది.

బి.ఎ.లో చరిత్ర చదివినదాన్ని. జంతుశాస్త్రం గుమ్మం కూడా తొక్కలేదు. మరి ఈ చేపల గొడవ నాకెందుకు వచ్చిందంటే చిల్కూరు వల్ల వచ్చింది. బాలాజీ గుడికి వెళ్ళేవాళ్ళందరికీ అక్కడి ప్రదక్షిణాల లెక్క తెలుసు గానీ, పక్కనే ఉన్న గండిపేట నీళ్ళ సంగతి అంతగా పట్టదు. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసిన తర్వాత, అటువంటి ఆపద మళ్ళీ రాకుండా కట్టిన చెరువది. 1920కి పూర్తయింది, ఉస్మాన్ సాగర్ అని పేరు పెట్టారు. ఆ దారిలో ఓసారి ఒకామె గంపలో సన్నగా, పొడుగ్గా, పాముల్లా మెలికలు తిరుగుతున్న చేపలు పెట్టుకుని కూర్చుంది. "పాపెర్లమ్మా, వీపు మీద ముండ్లుంటయి, పైలంగ జూస్కో" అంది. మా గోదావరి వైపు ఇవే బొమ్మిడాయిలు. బూడిదలో పొర్లించి జిగురు పోయేదాకా తోమి, చింతపండు పులుసు పెడితే మర్నాటికి ఇంకా రుచి.

ఇంగ్లీషులో దీన్ని ముళ్ళ ఈల్ అంటారు. కానీ ఇది ఈల్ కాదట! అసలైన ఈల్, అంటే మన మలుగుపాము, వేరే వంశం. బొమ్మిడాయి దాని వేషం మాత్రమే వేసుకుంది. ఒకే రూపం ఉన్నవాళ్ళంతా అక్కచెల్లెళ్ళు కారన్నమాట. ఈ ఒక్క ముక్కతో నాకు ఆసక్తి పుట్టింది. ఎవరు ఎవరి బంధువో తేల్చిన పెద్దమనుషులెవరు?

మన తెలుగునాట ఈ పని మొదలుపెట్టినవాడు పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు మందిచ్చాడు. తమ్ముడు క్లాడ్ కుంఫిణీ వారి ఉద్యోగంలో విశాఖపట్నం వస్తే, ఆయనకు తోడుగా 1781లో ఇండియాకి వచ్చాడు. 1785లో కుంఫిణీ వాళ్ళు ఆయన్నే తమ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా వేసుకున్నారు. 1789లో తిరిగి వెళ్ళిపోయేదాకా పాముల్నీ చేపల్నీ పోగుచేశాడు. పాముల పుస్తకం 1796లో మొదలైంది. రెండు వందల చేపల పుస్తకం, రెండు సంపుటాలుగా, లండన్‌లో 1803లో వచ్చింది. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదు దాటాయి. మరి రెండేళ్ళకే పోయాడు.

ఈయన చేసిన మంచి పని ఒకటుంది. విశాఖ జాలర్లు ఏ చేపని ఏమని పిలుస్తారో ఆ మాటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి బొమ్మ కింద వేశాడు. పాముల పుస్తకంలోనూ అంతే. కాటుక రేకుల పొడ అంటే ఎంత అందమైన పేరో చూడండి! కాటేస్తే ప్రాణం దక్కని రక్తపింజరికి ఎవరో పెట్టిన పేరది. లోకం మాత్రం దాన్ని ఇప్పుడు రస్సెల్స్ వైపర్ అంటోంది. కట్లపాము వంశానికి శాస్త్రంలో బంగారస్ అని పేరు. అది మన 'బంగారు పాము'లోని బంగారమే.

చేపల్లో కానాగుర్త సంగతి మరీ ముచ్చట. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకి కానాగుర్తల గురించి చెప్పక్కర్లేదు. రస్సెల్ దాన్ని ఆ పేరుతోనే అచ్చు వేశాడు. పారిస్‌లో కూర్చున్న కువియే అనే మహాపండితుడు ఆ బొమ్మా, ఆ మాటా చూసి 1816లో దానికి శాస్త్రనామం పెట్టాడు. ఏమని? స్కాంబర్ కానాగుర్త అని! మన జాలరి వీధిలోని మాట లాటిన్ పట్టాభిషేకం చేయించుకుంది. తోలుపార కూడా అంతే. శాస్త్రంలో ఇవాళ్టికీ దాన్ని స్కాంబరాయిడీస్ టోల్ అంటారు. ఆ టోల్ మన తోలే. బాలింతలకు పాలు పడతాయని మన పెద్దవాళ్ళు వండిపెట్టే పాలసొర కూడా ఆ పుస్తకంలో ఉంది. మలుగుల్లో ఒకదానికి తలబాన్ అని రాశాడు. ఏ జాలరి నోటి నుంచి ఎలా వచ్చిన మాటో, తెల్లదొర చెవిలో పడి అలా అయింది. ఇప్పుడది కాంగ్రెసాక్స్ తలబాన్.

ఇక్కడ ఈ నామకరణం పద్ధతి కాస్త చెప్పాలి. లినేయస్ అనే స్వీడన్ పండితుడు స్థిరపరిచిన పద్ధతిలో ప్రతి జీవికీ రెండు మాటల పేరు ఉంటుంది. జంతువుల వరకు 1758 నుంచి లెక్క. మొదటి మాట వంశానిది, రెండోది ఆ ప్రాణి సొంతానిది. ఇంగ్లీషువాళ్ళకి ఇది తిరకాసుగా తోచవచ్చు. మనకి మాత్రం అచ్చం మన పేరులాగే ఉంటుంది. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. పండితులు మళ్ళీ పరిశీలించి "ఇది ఈ వంశంది కాదు, ఆ వంశంది" అని తేలిస్తే ఇంటిపేరు మారుతుంది, సొంత పేరు అలాగే ఉంటుంది. అప్పుడు మొదట పేరు పెట్టినవాడి పేరు కుండలీకరణాల్లో రాస్తారు. ఈ పిల్ల పుట్టిల్లు వేరని చెప్పే గుర్తది. కానాగుర్త కూడా స్కాంబర్ ఇంటి నుంచి రాస్ట్రెల్లిగర్ ఇంటికి వెళ్ళింది. అందుకే ఇప్పుడు దాని పక్కన కువియే బ్రాకెట్లో కూర్చున్నాడు.

మరి రస్సెల్? ఆయన పేరు అక్కడ లేదు. తెలుగు పేరే చాలనుకుని లాటిన్ జంట పేరు పెట్టకపోవడం వల్ల, శాస్త్రం లెక్కలో ఆయన పేరు పెట్టినట్టే కాదు. ఆ ఘనతంతా ఆ బొమ్మలు చూసి పేర్లు పెట్టిన వాళ్ళకి పోయింది. తర్వాతివాళ్ళు నొచ్చుకున్నారో ఏమో, రెండు మూడు చేపలకు రస్సెల్లి అని ఆయన పేరు తగిలించారు. ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారుడే. అతని పేరు ఎవరూ రాసుకోలేదు. పొలుసు పొలుసూ లెక్కపెట్టి గీసిన చెయ్యి! చేపలు తెచ్చి ఇచ్చినవాళ్ళ పేర్లూ లేవు, గంపల్లోంచి తీసి "ఇది ఫలానా" అని చెప్పినవాళ్ళ పేర్లూ లేవు. చేపల పేర్లు మాత్రం మిగిలాయి. ఇది తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది.

అదే కాలంలో బెంగాల్లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే మరో వైద్యుడు గంగానది చేపల్ని పరిశీలించాడు. ఆయన కథలో ఇంటిపేరు మగవాడికే మారింది. తల్లి ఆస్తి సంక్రమించి, ఆవిడ ఇంటిపేరు పెట్టుకుని హామిల్టన్ అయ్యాడు. 1815లో స్వదేశం వెళ్ళబోతుంటే, గవర్నర్ జనరల్ ఆయన గీయించుకున్న బొమ్మల్ని కుంఫిణీ సొత్తని లాగేసుకున్నాడు. పుస్తకం 1822లో ఎడింబరోలో వచ్చింది. ఆయన దగ్గర జంతువుల బొమ్మలు వేసిన హలూదార్ అనే బెంగాలీ చిత్రకారుడి పేరు మాత్రం అదృష్టవశాత్తూ నిలిచింది.

హామిల్టన్ ఆ పుస్తకంలోనే రైతబరువా అని ఒక చిన్న మలుగుకి బెంగాలీ పేరే ఉంచాడు. ఇప్పుడు దాన్ని మొరింగువా రైతబరువా అంటారు. నది సముద్రంలో కలిసే చోట బురదలో దూరి ఉంటుంది. వానపాము అనుకుని పక్కకి తప్పుకుంటాం. ఇటువంటి వానపాముల్లాంటి మలుగులు ఒక వంశం కాదు, రెండు మూడు వంశాల్లో ఉన్నాయి. పండితుల్ని ఇవి ఏడిపించినట్టు మరేవీ ఏడిపించలేదు.

ఎందుకంటారా? మలుగు పిల్ల గాజు ఆకులా పల్చగా, తల్లి పోలిక ఒక్కటీ లేకుండా ఉంటుంది. దాన్ని చాలాకాలం వేరే చేప అనుకుని వేరే పేరు పెట్టారు. 1890ల్లో ఇటలీలో గ్రాసీ, కలాండ్రూచియో అనే ఇద్దరు నీళ్ళ తొట్టెలో పెంచి చూస్తే ఆ గాజు ఆకు మలుగుగా మారింది! మొరింగువాల గొడవ అక్కడితో తీరలేదు. పిల్లగా ఉన్నప్పుడు ఇసుకలో దూరి ఉంటాయి, కళ్ళు చర్మం కింద చుక్కల్లా ఉంటాయి, రెక్కలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. ఈడు వచ్చేసరికి కళ్ళు పెద్దవై, రెక్కలు విచ్చుకుని, ఇసుక వదిలి నీళ్ళలోకి వస్తాయి. ఆడదాని రూపం వేరు, మగదాని రూపం వేరు. ఇంకేముంది, పిల్లకొక పేరు, పెద్దదానికొక పేరు, ఆడదానికొకటి, మగదానికొకటి. ఒక్క సంసారానికి నాలుగు ఇంటిపేర్లు! 1956లో హవాయిలో గాస్‌లైన్, స్ట్రాస్‌బర్గ్ అనే ఇద్దరు కూర్చుని ఆ చిక్కుముడి కొంత విప్పారు.

చేపల్లోనే కాదు, పేర్లు పెట్టినవాళ్ళలోనూ పోట్లాటలు తక్కువేం లేవు. మద్రాసు సర్వీసులో వైద్యుడుగా పనిచేసి, 1875-78 మధ్య భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే, లండన్ మ్యూజియంలోని గుంథర్‌తో పడక, తను కూర్చుకున్న చేపల్లో కొన్నింటిని 1883లో ఆస్ట్రేలియాకి అమ్మేశాడు. తోడికోడళ్ళని ఊరికే ఆడిపోసుకుంటాం గానీ!

ఇంతసేపూ మగవాళ్ళ పేర్లే చెప్పానని మీరు గమనించే ఉంటారు. ఆ మ్యూజియంలోనే ఎథెల్విన్ ట్రెవావాస్ అనే ఆవిడ ఉండేది. 1900లో పుట్టింది. పంతులమ్మ కావడానికి చదువుకుని, పరిశోధన వైపు మళ్ళింది. మలుగుల వంశవృక్షం బయటి రూపం చూసి తేలదు, ఎముకలు చూడాలని, అరుదైన మలుగుల ఎముకల మీద 1932లో పెద్ద వ్యాసం రాసింది. అప్పటికి ఆవిడకి అక్కడ ఖాయమైన ఉద్యోగం కూడా లేదు, అది 1935లో వచ్చింది. 1958లో ఆ శాఖలో రెండో పెద్ద పదవి దాకా వెళ్ళింది. ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఊరుకోలేదు. మన వైపు లక్షల ధర పలుకుతుందని పత్రికల్లో వచ్చే కచిడి చేప ఉంది చూశారూ, ఆ కుటుంబం మీద ఆవిడ రాసిన గ్రంథం 1977లో వచ్చింది, డెబ్బై ఏడో ఏట. రస్సెల్ విశాఖలో గీయించిన ఆ వంశం చేపల్ని రెండు శతాబ్దాల తర్వాత ఒక ఆడమనిషి కూర్చుని, ఎవరికెవరు ఏమవుతారో లెక్క తేల్చిందన్నమాట.

విశాఖ కథ ఇంకా అయిపోలేదు. మలుగుల్లోనే మచ్చలూ చారలూ లేని ఒక కొత్త రకాన్ని పరిశోధకులు గుర్తించి 2017లో పేరు పెట్టారు. జిమ్నోథొరాక్స్ విశాఖాయెన్సిస్ అని. ఈసారి పరిశోధకుల పేర్లూ ఉన్నాయి, ఊరి పేరూ ఉంది. ఆ రేవులో గంపలు దించే ఆడవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో, ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు అడిగి రాసుకోవాలి, చెప్పినవాళ్ళ పేరుతో సహా.